లత పళ్లెంలో నెయ్యి

లాక్‌డౌన్ ఎత్తేసి మగ్గాలు మళ్లీ మొదలైన వారంలోనే భాగీరథికి తన బరువు తెలిసింది. సూరత్‌లోని బమ్రోలిలో ఆమె బాబిన్లు చుట్టే కార్ఖానాలో గుడ్డ తూచే కాంటా ఒకటుంది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని మీదకెక్కింది. ముల్లు అరవై ఏడు దగ్గర ఆగింది. అంతకుముందు ఉగాదికి యాభై ఎనిమిది. కాంటా చెడిపోయిందేమోనని దిగి, చెప్పులు విడిచి మళ్లీ ఎక్కింది. చెప్పుల బరువు కూడా తగ్గలేదు.

మూడు నెలలు ఇంట్లో కూర్చుని తిన్నారు కాబట్టి అందరూ కాస్తో కూస్తో ఒళ్లు చేశారు. పెనిమిటి సంపత్‌కు పొట్ట వచ్చింది. తొమ్మిదేళ్ల కూతురు ప్రసన్న గౌనులు బిగుతయ్యాయి. మారనిది లత ఒక్కతే. లత ఆమెకు యారాలు, మరిది వినోద్ భార్య. రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న ఆ కిరాయి ఇంట్లో అందరూ కలిసే ఉంటారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు. ఒకే కుండలో అన్నం తిని తాను ఇలా, ఆమె అలా ఎట్లా ఉందో భాగీరథికి అంతుబట్టలేదు.

అంతుబట్టకపోవడం ఒక ఎత్తు, సంపత్ మాట ఒక ఎత్తు. దీపావళికి ముందు ఒకనాడు తలుపు దగ్గర భాగీరథి పక్కకు తిరిగి దారి ఇస్తుంటే నవ్వుతూ అన్నాడు.

"లతను జూడు, నడిరాత్రి తిన్నా బాబిన్ పుల్ల లెక్కనే ఉంటది. నువ్వేమో దినాం మగ్గం బీము లెక్క అయితున్నవ్."

ఆయన మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

ఫోన్‌లో ఎవరో డాక్టరు చెప్పిన వీడియో చూసింది. రాత్రి ఏడు దాటాక తిన్నదంతా కొవ్వైపోతుందట. కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరు భార్య, జైనుల ఆడమనిషి, పొద్దు గూకకముందే తినేస్తుంది. యాభై దాటినా సన్నగా ఉంటుంది. ఇంకేం కావాలి! ఆ రోజు నుంచి భాగీరథి ఆరింటికి పని దిగి రాగానే, ఆరున్నరకల్లా రెండు రొట్టెలు తిని మూతి కడుక్కునేది. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని ఇంట్లో అందరికీ చెప్పింది. పక్కింటి ఐలమ్మకూ చెప్పింది.

లత సంగతి వేరు. ఆమె ఇంట్లోనే చీరలకు స్టోన్లు అంటించేది. పర్వత్ పాటియా మార్కెట్ నుంచి టెంపోలో మూటలు వచ్చేవి, పొద్దున్నే మళ్లీ తీసుకుపోయేవారు. వినోద్‌కు రాత్రి పాళీ. కర్ఫ్యూ పెట్టాక సాయంత్రం వెళ్లినవాడు తెల్లారేదాకా రాడు. లత ముందు గదిలో బల్బు కింద కూర్చుని, పన్నెండు దాటేదాకా అంటించి, చేతుల జిగురు కడుక్కుని అప్పుడు తినేది. పళ్లెం నిండా అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, తీరిగ్గా.

వంటింట్లో పడుకున్న భాగీరథికి ఆ పళ్లెం చప్పుడు వినిపించేది. కడుపు నకనకలాడేది. 'ఇంత రాత్రి అంత అన్నం తిని, చేయి కడిగి పడుకుంటుంది. దీని ఒంటికి ఏమీ కాదా? దేవుడు నాకొక లెక్క, దీనికొక లెక్క పెట్టాడా?' అనుకుంటూ ఇటు దొర్లేది, అటు దొర్లేది. నిద్ర రాక లేచి, బియ్యం డబ్బా వెనక దాచిన గాంఠియా పొట్లం, నూనెలో వేయించిన శనగపిండి పుల్లలు, తీసి, చప్పుడు కాకుండా ఒక్కొక్కటే నోట్లో వేసుకునేది. అది తినడం కింద ఆమె లెక్క వేయలేదు. నిద్ర పట్టడానికి వేసుకున్న మందు లాంటిదనుకుంది.

రెండు నెలలు గడిచి సంక్రాంతి వచ్చింది. కాంటా అరవై ఎనిమిది చూపింది.

ఆ రోజు ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోంచే ఒక ఆలోచన వచ్చింది. తాను తగ్గకపోతే పోనీ, ఆమె ఎందుకు పెరగకూడదు?

లత రాత్రి పళ్లెం పెట్టి మూత వేసేది భాగీరథే. ఆ రాత్రి పప్పులో రెండు పెద్ద గరిటెల నెయ్యి పోసి కలిపింది. ప్రసన్న కోసం తెచ్చిన నెయ్యి అది. అన్నం ఇంకో మూకుడెడు ఎక్కువ పెట్టి గరిటెతో అదిమింది. మర్నాడు పొద్దున చూస్తే పళ్లెం కడిగి బోర్లించి ఉంది. రోజూ అంతే. భాగీరథి రోజూ పొద్దున లత నడుము వంక చూసేది, జాకెట్ చేతుల వంక చూసేది. ఉతికిన బట్టలు మడతపెడుతూ లత లంగా బొందు ముడి ఎక్కడ పడుతోందో కూడా చూసింది. డబ్బా అయిపోతే ఇంకోటి తెచ్చింది. సంపత్ అడిగితే పిల్ల ఎదుగుతోందంది.

మార్చి నెలలో ఒక పొద్దున లత వంటింటి గడపలో నిలబడి, కొంగు కొస చుడుతూ అంది.

"అక్కా, జర నా వెంట దవాఖానకొస్తవా? వినోద్‌కు జెప్పకు."

భాగీరథి చేతిలోని గిన్నె జారింది. నెయ్యి పడలేదా? ఏమైనా చేసిందా? దారంతా ఆమెకు అదే ఆలోచన. మాస్కు లోపల పెదవులు ఎండిపోయాయి.

కార్పొరేషన్ దవాఖానలో డాక్టరమ్మ లతను గుర్తుపట్టింది. బరువు చూడమని నర్సుకు చెప్పింది. నలభై మూడున్నర. డాక్టరమ్మ పాత చీటీ చూసి, హిందీలో, "డిసెంబర్‌లో ముప్పై తొమ్మిది ఉన్నావు. మంచిగ పెరిగావు. ఏం తింటున్నావ్?" అంది.

లత భాగీరథి వైపు చూసి నవ్వింది. "మా అక్క రాత్రి పప్పుల నెయ్యి పోస్తది మేడం. నాకు తెల్వదనుకుంటది."

భాగీరథి తల వంచుకుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మగ్గాలు తెరిచినప్పటి నుంచి లతకు ముట్టు రావడం లేదు. పొద్దంతా వేళ్లకు జిగురు, ముక్కుకు దాని వాసన. పొద్దున ఒక చాయ్, మధ్యాహ్నం ఏమీ లేదు. రోజు మొత్తం మీద ఆమె తినేది ఆ నడిరాత్రి పళ్లెమే. ఒళ్లు పెంచకపోతే పిల్లలు పుట్టడం కష్టమని డాక్టరమ్మ అప్పుడే చెప్పిందట. అది ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

భాగీరథి ఉండబట్టలేక అడిగింది. "మేడం, ఇది రాత్రి పన్నెండుకు తింటది, గిట్ల ఉంది. నేను ఆరున్నరకే తింట. మరి నేనెందుకు గిట్లున్న?"

"ఆరున్నర తర్వాత ఏమీ తినవా?"

"ఏం తినను."

"గాంఠియా సంగతి చెప్పక్కా," అంది లత మెల్లగా.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "గడియారం ఒక్కటే లావు చెయ్యదు. పొద్దటి నుంచి మొత్తం ఎంత తిన్నావు, ఎంత నడిచావు అన్నదే ముఖ్యం. కాకపోతే రాత్రి మేలుకున్నవాళ్లు నూనె వస్తువులు పైపైన తింటారు, నిద్ర చెడుతుంది, మర్నాడు ఆకలి పెరుగుతుంది. అట్లా ఒళ్లు వస్తుంది. ఈమె ఒక్కపూట తింటోంది, అందుకే ఎండిపోయింది. నువ్వు ఎనిమిదింటికి కడుపునిండా తిను, పది గంటలకు పడుకో. లతా, నువ్వేమో మధ్యాహ్నం తినడం మొదలుపెట్టు."

తిరుగు దారిలో లత అంది. "నిన్ను జూస్తే నాకెంత కుళ్లు పుట్టేదో ఎరుకేనా అక్కా? యాళ్లకు పిల్లతోని కూసోని తింటవ్. నేనొక్కదాన్నే గోడను జూసుకుంట తినుడు. గని నువ్వు నెయ్యి పోసుడు మొదలుపెట్టినంక మనసు నిమ్మళమైంది. నాకోసం ఒకలున్నరనిపించింది."

ఆ మాట అలాగే ఉంచేసుకుంటే పోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ భాగీరథికి అది మింగుడుపడలేదు.

"నీకోసం కాదే," అంది నడుస్తూనే. "నువ్వు నా లెక్క లావు గావాలె అని పోసిన."

లత ఆగిపోయింది. వెనక వస్తున్న రిక్షావాడు హారన్ కొట్టాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నాలుగడుగులు ముందే నడిచింది.

మూడు రోజులు లత తన పళ్లెం తానే పెట్టుకుంది. పప్పు కూడా వేసుకోలేదు, ఉత్త తొక్కుతో తింది. భాగీరథి ఆ మూడు రాత్రులూ గాంఠియా ముట్టలేదు. ముట్టబుద్ధి కాలేదు. నాలుగో రోజు ఎనిమిదింటికి ఆమె, ప్రసన్న తినడానికి కూర్చుంటే లత స్టోన్లు పక్కకు నెట్టి, చేతులు రుద్ది కడుక్కుని వచ్చి, పళ్లెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"పొయ్యక్కా," అంది నెయ్యి డబ్బా వైపు చూపిస్తూ. "నువ్వెందుకు పోసినా పొయ్. నేను తింట."

భాగీరథి పోసింది.

ఆ ఎండాకాలం సూరత్‌లో మళ్లీ జబ్బు పెచ్చుమీరింది. మూటలు రావడం తగ్గింది. పని లేని సాయంత్రాలు ఇద్దరూ మేడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవారు. భాగీరథి ఒళ్లు తగ్గాలని, లత ఆకలి కావాలని. జూన్‌లో లతకు మళ్లీ ముట్టు వచ్చింది. ఆ సంగతి వినోద్ కంటే ముందు భాగీరథికే చెప్పింది. దసరా నాటికి భాగీరథి అరవై మూడుకు దిగింది. అంతకంటే దిగలేదు, దిగుతానని ఆమె కూడా అనుకోలేదు.

అక్టోబర్‌లో కాలనీలోని తెలుగు ఆడవాళ్లు మాస్కులు వేసుకునే బతుకమ్మ ఆడారు. లత పసుపు పట్టుచీర కట్టింది. బుగ్గలు నిండాయి, చేతులకు గాజులు నిలిచాయి. నలభై ఎనిమిది కిలోలు ఆమెకు ఎక్కడెక్కడ కావాలో అక్కడక్కడే చేరాయి. ఐలమ్మ ఆమె మాస్కు కిందికి లాగి గడ్డం పట్టుకుని, "ఎంత కళ వచ్చిందే పిల్లా!" అంది. అందరూ లతనే చూశారు. భాగీరథి కొత్త జాకెట్‌ను ఎవరూ చూడలేదు.

ఆమె గుండెలో చురుక్కుమంది. భాగీరథి వలయంలో లత పక్కకు చేరి ఆమె చెవిలో చెప్పింది.

"నిన్ను జూస్తే మళ్ల కుళ్లైతుందే."

"కుళ్లుకో అక్కా," అంది లత వంగుతూ. "గని చప్పట్లు తప్పుతున్నవ్. ముందటికి నడువు."