సుభద్ర పిన్నిగారి కోపం

ఇవాళ పొద్దున వంటగది కిటికీ తెరవగానే మామిడితోటలో కొట్టిన పురుగుమందు వాసన గుప్పుమంది. పిందె దిగే ఫాల్గుణంలో నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ ఇలాగే ఉంటాయి. బయటి ఊళ్ళవాళ్ళు మా రసాల తీపి గురించే అడుగుతారు, ఈ వాసన గురించి ఎవరూ అడగరు. నాకు మాత్రం కోపం వస్తుంది. ఆ కోపాన్ని దాచుకోనక్కర్లేదని నాకు నేర్పినావిడ సుభద్ర పిన్నిగారు.

మా మేఘన ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో, చిన్నవాడు తప్పటడుగులు వేస్తున్నప్పుడు, మేము ఆవిడ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. మా ఆయన ఉద్యోగం మైలవరంలో. రోజంతా ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి రాగం అందుకుంటే పిన్నిగారు తలుపు తట్టారు. "నువ్వు కాసేపు నడుం వాల్చమ్మాయ్. వీళ్ళని నేను మట్టిలోకి తీసుకెళ్తా" అన్నారు. చలి తగ్గుముఖం పట్టిన రోజులవి. పెరట్లో మళ్ళు కట్టి పిల్లల చేతే బెండ, తోటకూర గింజలు వేయించారు. ఆనపపాదు ఒకటి గోడ వారన పెట్టించారు. మొలిచాయో లేదో చూద్దామని చిన్నవాడు గింజల్ని మళ్ళీ తవ్వేసేవాడు. ఆవిడ కేకలేసేవారు. ఆవిడ నోరు పెద్దది. పాలవాడి మీద, కరెంటువాళ్ళ మీద, విసుగొస్తే దేవుడి మీద కూడా లేచేది. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనే ఇంట్లో పెరిగిన నాకు ఆవిడంటే మొదట్లో బెరుకుగా ఉండేది.

గోడకి అవతలి తోట ఆవిడ మరిది ప్రసాదరావు గారిది. "మందు కొట్టే ముందు కబురు పెట్టు ప్రసాదూ, ఇక్కడ పసిపిల్లలున్నారు" అని పిన్నిగారు ఎన్నోసార్లు చెప్పారు. ఆయన తలూపేవారు. ఒకరోజు మేమందరం బాపులపాడులో పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. ఆ పొద్దున్నే ఆయన మనుషులు మందు కొట్టారు. గాలి మావైపు ఉంది. ఊరంతా అదే వాసన కాబట్టి మాకు అనుమానం రాలేదు. మేఘన రోజూ లాగే లేత బెండకాయలు తెంపుకుని నమిలింది. కాసేపటికి వాంతులు, చొంగ, తేలిపోతున్న కళ్ళు. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు గారు ఒకటే అడిగారు: "మందు పడినవేమైనా తిందా?" సాయంత్రానికి పిల్ల తేరుకుంది.

ప్రసాదరావు గారు చూడటానికి వచ్చారు. "ఏదో పొరపాటు జరిగిపోయిందమ్మా. మేం కొట్టింది మామిడికి, మీ బెండకాయలక్కాదుగా. అయినా కడక్కుండా తిననివ్వడమేంటి?" అన్నారు. మా ఆయన వెంటనే "పోనివ్వండి, పాప బాగానే ఉందిగా" అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. కళ్ళు మండిపోతున్నాయి, నోరు మాత్రం పెగల్లేదు.

మర్నాడు పిన్నిగారు మిగిలిన బెండకాయలన్నీ కోసి బేసిన్లో వేసి, నా చెయ్యి పట్టుకుని ఆయన ఇంటికి లాక్కెళ్ళారు. వరండాలో ఆయన మనవలు ఇడ్లీలు తింటున్నారు. బేసిన్ తోడికోడలి ముందు పెట్టి, "పులుసు పెట్టి మీ పిల్లలకి వడ్డించవే" అన్నారు.

ఆవిడ వెనక్కి జరిగింది. "అదేంటక్కా, మందు పడినవి కదా."

"అంటే మీకు తెలుసన్నమాట."

ప్రసాదరావు గారు లేచి నిలబడ్డారు. "అద్దెకున్నవాళ్ళ కోసం వీధిలో నా పరువు తీస్తావా వదినా?"

"విషం పోయింది ఆ పిల్ల కడుపులోకి. నీ పరువుకేమైంది?" అని, ఆవిడ నావైపు తిరిగారు. "నువ్వు మాట్లాడు. నీ పిల్ల."

తలెత్తి ఆయనతోనే అన్నాను. "ఒక్క కబురు పెడితే పిల్లని లోపలే ఉంచేదాన్ని. ఇది పొరపాటు కాదండి. చెప్పక్కర్లేదనుకున్నారు."

ఆ రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఆగిపోయాయి, కానీ మందు కొట్టే ప్రతిసారీ ముందు రోజే కబురు వచ్చేది. పిన్నిగారు పెరడంతా పీకి గోతిలో కప్పెట్టారు. మేఘన ఏడ్చింది. "ఏడువు, తప్పులేదు. ఏడ్చాక గింజలు పట్రా" అన్నారు ఆవిడ.

కిందటేడు ఆవిడ పోయారు. పెద్దకర్మ నాడు ప్రసాదరావు గారింటివాళ్ళు సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టించారు. ఆవిడ ఫొటో కింద "శాంతమూర్తి, మితభాషి" అని పెద్ద అక్షరాలు. అప్పటికే తెలుగు బాగా చదివే మేఘన ఆగి, "మితభాషి అంటే ఏంటమ్మా?" అంది. తక్కువ మాట్లాడేవాళ్ళు అని చెప్పాను. "మరి మామ్మగారు అలా కాదుగా?"

నేను నేరుగా ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆ మాటలు తీయించమన్నాను.

"పోయినావిడ గురించి మంచిమాట రాశాం. తప్పేంటమ్మా?"

"మంచిమాట కాదండి, అబద్ధం. ఆవిడ అరవబట్టే మీరు మారారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు. ఎండకి వెలిసి చిరిగిపోయేదాకా అక్కడే ఉంది. అటు వెళ్ళిన ప్రతిసారీ నా ఒళ్ళు మండేది. బతికినంతకాలం గయ్యాళి అన్నవాళ్ళే, నోరు మూతపడ్డాక ఆవిడని సాధువుని చేశారు.

మా ఆయన అప్పుడప్పుడూ నాకు ఆవిడ గొంతే వచ్చిందంటారు. రానీ. ఎవరైనా నాతో "పోనివ్వండి" అంటే, ఏది పోనివ్వాలో పేరు పెట్టి నోటితో చెప్పమని అడుగుతాను. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.