వల కట్టిన దారి

ఈ ఉదయం కహ్వా కోసం యాలకులు దంచుతుంటే ఒక గింజ రోకలి కింద నుంచి ఎగిరి కిటికీ గట్టు మీద పడింది. దాన్ని తీయబోయి అలాగే నిలబడిపోయాను. పాలూ చక్కెరా లేకుండా దించే ఈ ఒమానీ కాఫీ వాసన వస్తే చాలు, హాల్లోంచి "బింతీ, పటంలో ఈవేళ ఏం మారింది?" అని ఒక బొంగురు గొంతు అడుగుతుందని ఇప్పటికీ చెవి అటే పోతుంది. అడిగే మనిషి పోయాక తోటలో ఖర్జూరం ఒక కాపు కాసింది, కోశారు, తిన్నాం కూడా. చెవికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు.

మీరెవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి ముందు మనిషిని చెబుతాను. ఒమాన్‌లోని బర్కా ఊళ్లో సముద్రానికీ పెద్దరోడ్డుకీ మధ్య ఉన్న తోటలో ఆయన ఇల్లు. నేను కడప జిల్లా నుంచి ఈ ఇంటికి వంటకి వచ్చాను. ఇంటి పెద్దని ఇక్కడ పనివాళ్లంతా బాబా అంటారు, నేనూ అలాగే అన్నాను. ఆయన నన్ను బింతీ అన్నారు, అంటే నా కూతురా అని. ఆయన పూర్వీకులు బలూచీలు కావడం వల్ల ఉర్దూ బాగా వచ్చు. నా వంటింటి హిందీ, ఆయన ఉర్దూ రెండూ తొందరగానే చుట్టాలయ్యాయి. ఇంట్లో లుంగీ, నెత్తిన కుట్టుపని టోపీ, ఆ టోపీ ఎప్పుడూ ఎడమ చెవి మీదికే. వయసులో సైన్యంలో చేశారని ఊరంతా గౌరవం. వచ్చినవాళ్లు యుద్ధం కబుర్లు అడిగితే, "నేను శత్రువుని చూసింది తక్కువ, పిండి బస్తాలు చూసింది ఎక్కువ" అని నవ్వేవారు. కొండల మీద కాపలా ఉన్నవాళ్లకి పిండి, నీళ్లు, తూటాలు చేర్చడం ఆయన డ్యూటీ. లారీ పోయినంత దూరం లారీ, అక్కడినుంచి గాడిదలు, గాడిద మొండికేస్తే తన వీపు.

రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మధ్యాహ్నం నమాజు చేసుకుని టీవీ ముందు కూర్చోవడం ఆయనకి అలవాటైంది. కళ్లకి పొర వచ్చేసింది. మాట వినబడేది, బొమ్మ ఆనేది కాదు. నేను గుమ్మం దగ్గర పప్పులో రాళ్లు ఏరుకుంటూ ఉండేదాన్ని, నాకు బొమ్మ కనబడేది, అరబ్బీ మాట తెలిసేది కాదు. అలా ఇద్దరం కలిస్తే ఒక మనిషి వార్తలు చూసినట్టు. మొదటిరోజు రష్యా పట్టుకున్న చోటు ఎర్రగా చూపిస్తూ పటం వేసినప్పుడు "ఎర్రది చాలా ఉంది బాబా" అన్నాను.

"ఎర్రది వదిలెయ్. అది పిల్లలు చూసేది. సన్నటి నల్లగీతలు ఉంటాయి చూడు, రైలు పట్టాలు. అవి ఎక్కడ కలుస్తున్నాయి?"

"ఒక ఊరి దగ్గర మూడు కలిశాయి."

"ఆ ఊరు గుర్తుపెట్టుకో. కొట్టుకునేది దానికోసమే."

నాకు నమ్మకం కుదరలేదు. కానీ వారాలు, నెలలు గడిచేకొద్దీ ఆ పట్టాల ఊరి చుట్టూనే పొగలు లేచాయి. అప్పటినుంచి నేను పప్పు పక్కన పెట్టేదాన్ని. ఆయన ఖర్జూరాల పళ్లెం దగ్గరికి లాక్కుని యుద్ధం పరిచేవారు. బియ్యం కుప్పలు పట్టణాలు, నా కుట్టుదారం రైలుపట్టా, గింజ తీసిన ఖర్జూరాలు ఫిరంగులు. "ఇవి ఒక దేశం ఇచ్చినవి, ఇవి ఇంకో దేశం ఇచ్చినవి. ఒకదాని గుండు ఇంకోదాని గొట్టంలో పట్టదు. నీ వంటింట్లో ఆరు రకాల సీసాలు, ఆరు రకాల మూతలు ఉంటే ఏం చేస్తావు?" అని అడిగేవారు. "మూత లేనివాటిలో ముందు వాడేస్తాను" అంటే పడీపడీ నవ్వి, "ఇదే మాట ఆ టీవీలో కోటు వేసుకున్నవాడు గంటసేపు చెప్పాడు" అనేవారు. నా చారులో కారం మీద కూడా ఆయనకో ఎత్తుగడ ఉండేది. "ఇది ఒక డబ్బా పంపిస్తే రెండు సైన్యాలూ ఇంటికి పోతాయి" అని.

బయటి సాయం సంగతి ఆయన నాకు కహ్వాతోనే చెప్పారు. ఇక్కడి మర్యాద ఇది. అతిథికి చిన్న గిన్నెలాంటి కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, నిండా పోస్తే అవమానం. తాగగానే మళ్లీ కొంచెం. చాలనుకుంటే అతిథి కప్పుని చేత్తో అటూ ఇటూ ఊపాలి. ఊపేదాకా పోసేవాళ్లు పోస్తూనే ఉండాలి, నోటితో చాలంటే ఎవరూ వినరు. "ఆ దేశాలు ఉక్రెయిన్‌కి ఇలాగే పోస్తున్నాయి, బింతీ. ఇదిగో కొన్ని తుపాకులు. ఇంకొన్నాళ్లకి ఇదిగో దూరం పోయే గుండ్లు, కానీ అక్కడిదాకా కొట్టొద్దు. దాహంతో చావనివ్వరు, దాహం తీరనివ్వరు. పోసేవాడికి పోసేవాడి భయాలున్నాయి, తప్పు పట్టను. కానీ కూజా ఎవరి చేతిలో ఉందో తాగేవాడు మరిచిపోకూడదు."

"మరి సాయం తీసుకోకూడదా బాబా?"

"తీసుకోకపోతే ఎప్పుడో పోయేవాళ్లు. మాకూ కొండల్లో బయటివాళ్లు సాయం వచ్చారు. వాళ్ల విమానాలు లేకపోతే నా గాడిదలు ఆకలితో చచ్చేవి. కానీ వాళ్లు తుపాకీ ఇస్తారు, కాళ్లు ఇవ్వరు. నిలబడటం మన కాళ్ల మీదే." ఆ మాట అప్పుడు ఆ యుద్ధం గురించే అనుకున్నాను.

ఒకరోజు టీవీలో ఒక రోడ్డు చూపించారు. రెండు వైపులా గుంజలు పాతి, రోడ్డు పొడుగునా పైన వలలు కట్టారు. కింద లారీలు పోతున్నాయి. మా బర్కా ఒడ్డున జాలర్లు ఆరేసే వలల్లాంటివే. "బాబా, రోడ్డుకి చేపల వల కట్టారు. వల కింద చేప ఉండాలి గాని లారీ ఏమిటి?" అన్నాను. ఆయన పళ్లెంలో వెనకాల ఉన్న బియ్యం కుప్పని వేలితో చెరిపేశారు. "చిన్న ఎగిరే బొమ్మలు, డ్రోన్లంటారు, వచ్చి లారీల మీద పడుతున్నాయి, వాటికోసం వల. మా కాలంలో ముందు, వెనక అని ఉండేది. ముందున్నవాడు చచ్చేవాడు, వెనకున్న నాలాంటివాడు బతికేవాడు. ఈ యుద్ధంలో వెనక లేదు. పిండి మోసేవాడే ముందు పోతాడు" అన్నారు.

నా తమ్ముడు ఓబులేసు ఇదే దేశంలో, ఘాలాలో ఉంటాడు. కంపెనీ గోడౌన్‌లో సరుకు ఎత్తే పని, కంపెనీ రూములోనే మకాం. అమ్మ పోయేటప్పుడు నా చేతిలో పెట్టిన మనిషి వాడు. శుక్రవారం వస్తే తోట వెనక నా గదిముందు కూర్చుని నేను కలిపిన రాగిసంగటి తిని పోతాడు. ఆ శుక్రవారం ముద్ద సగంలో ఉండగా అన్నాడు.

"అక్కా, నేను ఈడ ఉండను. రష్యా పోతాండా."

"యాడికి రా?"

"రష్యా. హెల్పర్ పని. సైన్యం గోడౌన్‌లో మూటలెత్తేది. ఈడ చేసేదే గదా."

"యుద్ధం జరిగే చోటికా? నీకేమన్నా బుద్ధుండాదా, ఓబుళా?"

"యుద్ధం యాడనో, గోడౌన్ యాడనో! సార్ చెప్పినాడు, టపాకాయ శబ్దం గూడా ఇనపడదంట. కొన్నాళ్లు చేస్తే ఆ దేశం పాస్‌పోర్టే ఇస్తారంట."

"ఎవుర్రా ఆ సారు?"

"పెద్దోడులే అక్కా. ఇరవై ఏండ్లుగా ఈ దేశంలో ఉండాడు. ఈడి షేకుల ఇండ్లల్లో కూచోని కాఫీ తాగుతాడు. నీకేం తెలుస్తాది, చారు కాసుకునేదానివి."

నేను ఏడ్చాను, తిట్టాను, అమ్మ పేరు ఎత్తాను. ఎత్తేకొద్దీ వాడు బిగుసుకున్నాడు. వచ్చే వారమే పాస్‌పోర్టు ఆ ఏజెంటు చేతికి ఇస్తానని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. వాడు పోగానే బాబా దగ్గరికి పరిగెత్తాను. "మీరు పెద్దవారు, మీరు వద్దంటే ఆగుతాడు. ఒక్కమాట అనండి" అని కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అనను" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఈయనకి కళ్లుగా ఉన్నాను, ఒక్కమాట అనలేరా అనుకున్నాను.

"నా మాటతో ఆగినవాడు నేను లేనిరోజు మళ్లీ నడుస్తాడు. నీ ఏడుపుతో ఆగినా అంతే. అది బయటి సాయం, బింతీ. వాడి కాళ్లు వాడే ఆపుకోవాలి. ఏజెంటుని మన మజ్లిస్‌కి కహ్వాకి పిలవమను. షేకుల ఇళ్లలో తాగేవాడు గదా, మన ఇంట్లోనూ తాగుతాడు." లేవబోతున్న నన్ను ఆపి, "కూజా నీ చేతిలో ఉంటుంది. మర్యాద తప్పకుండా పొయ్" అన్నారు.

ఏజెంటు సంతోషంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి బరువైన గడియారం. ఒమానీ పెద్దమనిషి పిలిచాడంటే ఓబులేసు ముందు పరపతి పెరిగిందనుకున్నాడు. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో తివాచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఖర్జూరాలు పెట్టి కహ్వా పోశాను. బాబా ఒకటి తాగి కప్పు ఊపి కింద పెట్టారు. ఏజెంటు తాగాడు, పోశాను. తాగాడు, పోశాను. "బస్, బస్, బెహెన్‌జీ" అన్నాడు. నోటితో చాలన్నది నాకు వినబడనట్టే పోశాను. పోసింది వదిలేస్తే ఇంటివాళ్లకి అవమానమేమోనని పాపం గుటకేశాడు. ఓబులేసు అతని చేతి వంకే చూస్తున్నాడు. కప్పు ఊపడం వాడికి నేను నేర్పించి చాలా కాలమైంది.

బాబా మాత్రం మెల్లగా, చుట్టం ఊరి కబుర్లు అడిగినట్టు అడిగారు. "ఆ గోడౌన్‌కి సరుకు ఎలా వస్తుంది?"

"రైల్లో, బాబా సాహెబ్. అంతా పక్కా ఏర్పాటు."

"రైలు దిగాక?"

"లారీల్లో ముందుకి పంపిస్తారు."

"లారీ ఎక్కించేదీ దించేదీ హెల్పర్లే గదా?"

"వాళ్లే. కష్టం ఏమీ ఉండదు." నేను మళ్లీ పోశాను. అతని నుదుటి మీద చెమట.

"దారి మంచిదేనా? ఈమధ్య అక్కడి రోడ్లకి పైన వల కడుతున్నారట. మీ దారికి కట్టారా?"

ఏజెంటు మొహం వెలిగింది. తెలిసిన ప్రశ్న వచ్చింది గదా. "కట్టారు, కట్టారు! పొడుగునా ఉంటుంది. మన పిల్లల భద్రత విషయంలో రాజీ లేదు."

బాబా తల ఊపారు. టోపీ సర్దుకున్నారు. "మంచిది. టపాకాయ శబ్దం కూడా వినబడని దారికి వల ఎందుకు కట్టారో, అది కూడా మా వాడికి చెప్పు."

ఏజెంటు అలవాటుగా కప్పు ఎత్తాడు. నేను పోశాను. ఓబులేసుకి నవ్వు ఆగలేదు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత గట్టిగా.

"ఏమి సార్, షేకుల ఇండ్లల్లో కాఫీ తాగేటోడికి కప్పు ఊపేది తెలీదా? ఇంగ రష్యా సంగతి ఏం తెలుసు మీకు?" అన్నాడు తెలుగులోనే. ఏజెంటుకి భాష తెలియదు, భావం తెలిసింది.

తర్వాత ఓబులేసు నవ్వు ఆపి తన కప్పుని చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి అందులో ఏమీ లేదు. ఏజెంటు కళ్లముందు పెట్టి, నెమ్మదిగా, అటూ ఇటూ ఊపాడు. వెళ్లొద్దని ఆ గదిలో ఎవరూ అనలేదు. నేను అనలేదు, బాబా అనలేదు. వాడే ఊపాడు.

ఏజెంటు పోయాక బాబా వాడితో ఆ విషయమే ఎత్తలేదు. "మూటలెత్తే నడుము ఎన్నాళ్లు ఉంటుంది? ఎత్తే బండి నడపడం నేర్చుకో" అని మాత్రం అన్నారు. ఓబులేసు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకున్నాడు, పరీక్షలో ఒకసారి తప్పాడు, మళ్లీ కూర్చున్నాడు, ఇప్పుడు దానిమీదే డ్యూటీ. మా జిల్లా పక్క మండలం నుంచి అలాగే వెళ్లిన ఒకతను తిరిగి రాలేదని తర్వాత విన్నాం. ఆ వార్త విన్న శుక్రవారం తమ్ముడు సంగటి ముద్ద ముట్టకుండా బాబా గది వైపు చూస్తూ కూర్చున్నాడు.

యుద్ధం ఇంకా టీవీలో ఉంది. ఇప్పుడు నన్ను పటం సంగతి అడిగేవారు లేరు, అయినా నేను పట్టాలు ఎక్కడ కలుస్తున్నాయో చూస్తాను, వంతెనలు చూస్తాను. కడప వాళ్లు, గోదావరి వైపు వాళ్లు, కొత్తగా ఏ ఆడపిల్లకి ఏ ఊళ్లో మంచి పని చెప్పినా నా దగ్గరికి వచ్చి అడుగుతారు. జీతం సంగతి నేను చివర అడుగుతాను. ఆ ఇంటికి దారి ఎటునుంచి, తిండి ఎవరు తెస్తారు, తిరిగి రావాలంటే తలుపు ఎవరి చేతిలో ఉంటుంది, ఇవి ముందు అడుగుతాను. దారి ఎంత నున్నగా ఉందో చెబుతుంటే నేను తలెత్తి పైన వల ఉందేమోనని చూస్తాను.

ఈవేళ శుక్రవారం. కిటికీ గట్టు మీద పడిన యాలకు గింజ తీసి కహ్వాలో వేశాను. ఓబులేసు వచ్చి బాబా కూర్చునే చోటు వదిలి, పక్కన కూర్చున్నాడు. పోశాను, తాగాడు. మళ్లీ పోశాను. "చాలక్కా" అన్నాడు. నేను కూజా వంచే ఉంచాను. వాడు నవ్వి, కప్పు ఊపాడు.