చుడీదార్ అంచున నారుమొక్క

మా ఆయన పోయాక ఆదివారాలు గడిచేవి కావు. పుదుచ్చేరి పార్కులో పాతకాలపు వరిమడిని కాపాడే పనికి, జీతం లేకుండానే, వెళ్తుండేదాన్ని. ఓరోజు నాట్లేసి, ఇంటికి పోను బాహూరు మీదుగా వెళ్లే బస్సెక్కాను. పక్కసీటు పెద్దామె నా గోళ్లలోని బురద చూసింది.

"ఎవురి మడిమ్మా?"

"పార్కుది పెద్దమ్మా. జనం చూసేదానికి పెట్టుండారు."

"మరి ఒడ్లు ఎవురు తింటారు?"

"పిట్టలు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వంగి నా చుడీదార్ అంచుకు అంటుకున్న నారుమొక్కను తీసింది. సీసాలో నీళ్లతో కొంగు తడిపి, దాన్ని అందులో చుట్టుకుంది.

"దీనికింకా పానముండాది" అని బాహూరులో దిగిపోయింది.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత మాత్రం ఏ ఆదివారమూ బట్టలు దులుపుకుని బస్సెక్కలేదు.