డిక్కీలో చప్పుడు

మా ఆయన పోయాక కారు వెనక చప్పుడు మొదలైంది. ఆయన నడిపినన్నాళ్లూ అది లేదు. ప్రొద్దుటూరు నుంచి నేను పనిచేసే జమ్మలమడుగు కాలేజీకి వెళ్లే దారిలో, గుంత వచ్చినప్పుడల్లా డిక్కీలో ఇనుము ఇనుముకు తగిలినట్టు టంగుమనేది. అదివరకు ఆయన నడిపేవారు, నేను పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఇప్పుడు చప్పుడు వినగానే వెనక్కి తిరిగి చూడడం అలవాటైంది. ఒకసారి అలా చూస్తూ కారును రోడ్డు దించేశాను.

"ఈ చప్పుడు పోకపోతే కారు అమ్మేస్తా," అని తమ్ముడితో అన్నాను. కొనే మనిషిని ఆదివారం తీసుకొస్తానన్నాడు వాడు. ఆయన తల్లి, మా అత్త, పక్కనే కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. అంతా ఆమె చెవిన పడింది. కారు లేకపోతే పులివెందులలో ఉన్న కూతురి దగ్గరికి ఆమె పోవడం కుదరదు. ఆ మోకాళ్లతో బస్సు ఎక్కలేదు.

శనివారం మెకానిక్ షెడ్డుకు పోతుంటే మా అత్త తనూ వస్తానంది. మెకానిక్ స్టెప్నీ బయటికి తీసి అడుగున రబ్బరు వేశాడు. జాకీ బిగించాడు. డిక్కీ తలుపు తాళం, నంబరు ప్లేటు కూడా బిగించాడు. రోడ్డెక్కితే చప్పుడు అలాగే ఉంది. నన్ను మెల్లగా నడపమని తను పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో ఉన్న మా అత్తను అడిగాడు.

"యాడ నుంచి వస్తాందో చెప్పు పెద్దమ్మా."

"కుడిపక్క."

దిగి కుడిపక్క అంతా చూశాడు. ఏమీ లేదు.

"కాదప్పా, కింద నుంచి అనుకుంటా."

కిందా చూశాడు.

"పైనుంచేమో మల్ల."

"పైన ఏముంది పెద్దమ్మా, ఆకాశం తప్ప?"

"అయితే నీ చెవులు కడుక్కోని నువ్వే విను. నావి ముసలి చెవులు."

పక్క వీధిలో పాలాయన కేకేస్తే నాకంటే ముందు వినే మనిషి. ఆ మాట నాకు అప్పుడు తోచలేదు.

"స్పీడు తగ్గించుకో అక్కా, అదే మందు," అన్నాడు మెకానిక్ చివరికి.

ఆదివారం పొద్దున, కొనేవాళ్లు వస్తారని కారు తుడుస్తున్నాను. మా అత్త వచ్చి కొంగు చాటు నుంచి ఒక గుడ్డ తీసింది. ఆయన ఎర్ర తువ్వాలు. ఒక అంచున గ్రీసు మరక.

చనిపోయినవాళ్లు కట్టిన బట్టలు ఇంట్లో ఉండకూడదని మా వైపు పట్టింపు. దివసాలప్పుడు పులివెందుల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ దగ్గరుండి ఆయన బట్టలన్నీ మూట కట్టించి పంపేసింది. నేను అడ్డు చెప్పలేదు. ఒక్క చొక్కా కూడా మిగల్లేదు.

"డిక్కీలో పైపు ముక్కకు చుట్టి పెట్టినాడు," అంది మా అత్త. "అన్నీ పోతాండాయి, ఇదొకటన్నా ఉండనీలే అని లాక్కున్నా. నిన్న చెప్తే దీన్ని గూడా పారేస్తారని చెప్పలే. కారు పోతాందని రాత్రంతా నిద్ర లేదు."

డిక్కీ తెరిచి ఎడమపక్క చూపించింది. పక్క గోడకు ఉన్న అట్ట వెనక సందులో చెయ్యి పెడితే ఇనుప పైపు తగిలింది. కదిపితే అదే టంగుమన్న చప్పుడు. ఇంత బరువైనది అక్కడ ఉందని నాకు తెలియదు.

"ఇది ఎందుకత్తా?"

"టైరు విప్పేటప్పుడు స్పానరుకు తగిలిస్తే నీ చేతికి గూడా నట్టు కదుల్తాదంట. నాతో చెప్పినాడు. నీకు చెప్తే, నేనెందుకు టైరు మారుస్తా అని కసురుకుంటావంట."

కసురుకునేదాన్నే. పైపు బయటికి లాగి పక్కన పెట్టాను. తర్వాత లోపలికి పోయి నా పాత శాలువా తెచ్చాను.

"దీనికి ఇది చుడతా. తువ్వాలు నీకాడే పెట్టుకో."

"వద్దు మే. నా పెట్టెలో ఉంటే నీ ఆడబిడ్డ యాదో ఒకనాడు చూస్తాది. డిక్కీలో ఎవరు ఎతుకుతారు?"

తువ్వాలు ఆమే చుట్టింది. పైపు పొడుగునా గట్టిగా చుట్టి, కొసలు లోపలికి దోపి, సందులోకి నెట్టింది. కదిలించి చూసింది. కదల్లేదు. నేను తమ్ముడికి ఫోన్ చేసి రావద్దన్నాను.

ఆ మధ్యాహ్నమే పులివెందుల బయల్దేరాం. చెనక్కాయల సంచి డిక్కీలో పెట్టబోతే వద్దంది.

"ఆడికి పోతానే సంచి కోసమని నీ ఆడబిడ్డ డిక్కీ తెరుస్తాది," అని ఒళ్లోనే పెట్టుకుంది.

ముద్దనూరు దాటాక గతుకుల రోడ్డు వచ్చింది. నేను అలవాటుగా వేగం తగ్గించాను.

"ఎందుకు తగ్గిస్తాండావు? పోనీ," అంది మా అత్త.

పోనిచ్చాను.