చర్చి గదిలో ఇరవై నాలుగు పోర్టులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇంజినీరింగ్ పూర్తయిన తొలి ఏడాది అందరికీ పట్టే జబ్బే అది. ఉద్యోగంలో పడితే గానీ తగ్గదు. నేను చింతపల్లి కొండల్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చే ఓ చిన్న కంపెనీలో పడ్డాను. చర్చి వెనక గుట్ట మీద మా టవర్. సామానుకి పాస్టరుగారు చర్చిని ఆనుకున్న గది ఇచ్చారు, నాకు తలదాచుకోడానికి వాళ్ల వసారా ఇచ్చారు. అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, పొద్దున్నే వేడివేడి కాఫీ కూడా ఇచ్చేది. మా మేనేజరు మాత్రం సాలూరు నుంచి ఒక్క మాట ఇచ్చాడు. టవర్‌కి తగిన స్విచ్చు నన్నే ఎంచమన్నాడు. చలికాలం గడిచేదాకా నెట్ ఆగకపోతే ఉద్యోగం పర్మనెంటు, ఆగితే ఇంటికి.

స్విచ్చంటే గోడకుండే మీట కాదు. టవర్ మీది రేడియోలకు కరెంటూ డేటా పంచిపెట్టే పెట్టె. మాకున్న మూడు రేడియోలకీ ఫ్యాను లేని, టిఫిన్ బాక్సంత స్విచ్చు సరిపోతుంది. కానీ అంత చిన్నదాన్ని ఎంచడానికా నేను ఇంజినీరింగ్ చదివింది? వెనకాల ఫ్యాన్లతో, ఇరవై నాలుగు పోర్టులతో, అంటే కేబుళ్లు గుచ్చే కన్నాలతో నిండుగా ఉన్నదాన్ని తెప్పించాను. (మిగతా పోర్టులు దేనికని మేనేజరు అడిగితే "భవిష్యత్తుకి సార్" అన్నాను. ఎవరి భవిష్యత్తో ఆయన అడగలేదు.) ఆన్ చేస్తే పిండిమర ఆడుతున్నట్టే మోత. నా చెవులకి మాత్రం హాయిగానే ఉండేది.

కొన్నాళ్లకి నెట్ పోవడం మొదలైంది. ఉన్నట్టుండి పోయేది. నేను రొప్పుతూ గుట్టెక్కి, రేడియోలు తుడిచి, కేబుళ్లు కదిపి దిగేసరికి వచ్చేసేది. నేనే బాగుచేశాననుకునేవాణ్ణి. గదిలోకి తొంగి చూడాలన్న ఆలోచనే రాలేదు, అక్కడున్నది నేనెంచిన స్విచ్చు కదా. స్కూలు మాస్టార్లు, కాఫీ తోటలవాళ్లు ఫోన్లు చేసి చెడామడా తిడుతుంటే, ఇదంతా మంచు వల్లేనని తేల్చేశాను. మేనేజరుకి కూడా ఫోన్లో మంచు గురించి పాఠం చెప్పాను. ఆయన అంతా విని, బుధవారం వచ్చి ఆ మంచేదో చూస్తానన్నాడు.

బుధవారం పక్కమనిషి కనపడనంత మంచు. నెట్ దివ్యంగా నడిచింది. ఎండ వచ్చింది. నెట్ పోయింది. మేనేజరు ఓసారి ఆకాశంకేసి, ఓసారి నాకేసి చూసి, తిన్నగా గదిలోకి నడిచాడు. అక్కడ ఆడవాళ్ల ప్రార్థన కూటం. మొదట్నుంచీ వాళ్లు కూడేది ఆ గదిలోనేనట. అమ్మగారి చేతిలో మా స్విచ్చు ప్లగ్గు.

"ఒకటే గోల బాబూ," అందావిడ తాపీగా. "పక్కనోళ్ల మాటే ఇనపడదు, ఇంక దేవుడికేటి ఇనపడతాది? అందుకే పీకేత్తన్నాం. అయిపోగానే మళ్లీ ఎట్టేత్తాం కదా."

మేనేజరు ఏదో అనబోయేలోగా అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయనా చెప్పులు విడిచి చేతులు కట్టుకోక తప్పలేదు. రోగుల కోసం ప్రార్థన అయింది, మిరియాల తోటల కోసం అయింది, అప్పుడు అమ్మగారు నా సంగతి అందుకుంది.

"పెబువా, మా వసారాలో గుంటడు గుట్టెక్కి దిగి సిక్కి సగమైపోనాడు. ఆడి నెట్టు నిలబెట్టు తండ్రీ. ఆడి ఉజ్జోగం పోనీకు."

ప్లగ్గు ఇంకా ఆవిడ ఒళ్లోనే ఉంది. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత తెలిసింది, ప్రతి కూటంలోనూ నాకోసం ఇదే ప్రార్థనట. నెట్ ఎంత పోతే ప్రార్థన అంత పొడుగు, ప్రార్థన ఎంత పొడుగైతే నెట్ అంతసేపు పోవడం. నాకు నవ్వాలో ఏడవాలో తెలీక కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరు బయటికొచ్చి జీపు పట్టుకుని నవ్వాడు. చిన్న స్విచ్చు బేగి పంపమని సాలూరుకి ఫోన్ చేశాడు. నన్ను పంపేస్తే ఆవిడకి ఏం సమాధానం చెప్పుకోవాలని గొణుక్కున్నాడు. ఉద్యోగం నిలిచింది. ప్రార్థన ఫలించిందని అమ్మగారు ఊరంతా చెప్పుకుంది. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఇప్పుడు విశాఖలో ఏసీ గదిలో కూర్చుని, స్విచ్చు ఎంచేముందు ఏం చూడాలో కుర్రాళ్లకి చెబుతుంటాను: రేడియోలెన్ని, కరెంటెంత లాగుతాయి, చలికీ వేడికీ ఏది తట్టుకుంటుంది, ఫ్యాను మోత ఎవరికి అడ్డం. నా నెట్‌వర్కులు ఏడాది పొడుగునా ఆగవు. నా గురించి దేవుడి దగ్గర నోరెత్తాల్సిన అవసరం ఎవరికీ రాదు. అప్పటి ఆ మేధావి గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడికోసం ప్రార్థించేవాళ్లు ఉండేవారని కాస్త కుళ్లుగా కూడా ఉంటుంది.