రేంజ్ అయిపోయింది

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులనుకునేరు, నా తల మీద జుట్టు నిండుగా ఉన్న రోజులు, అంతే. చేతికి కొత్తగా జీతం వస్తోంది, దాంతోపాటు నాకన్నీ తెలుసన్న నమ్మకమూ వచ్చేసింది. ఆ నమ్మకం మీదే అరకు నుంచి సీలేరుకి, నా పెళ్ళికి నేనే కారు నడుపుకుంటూ బయల్దేరాను. కారు మా పెదనాన్నగారి అబ్బాయిది. విశాఖపట్నంలో అన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఒక పక్క ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేసుకోవచ్చు, ఇంకో పక్క పెట్రోలు పోసుకోవచ్చు. బ్యాటరీకి చోటివ్వాల్సి రావడంతో ఇందులో పెట్రోలు ట్యాంకు చిన్నదిరా, చూసుకో, అని తాళం ఇస్తూ అన్నయ్య చెప్పాడు. (నేనప్పుడు కారు అద్దంలో నా మీసం చూసుకుంటున్నాను.)

అది ఆలస్యం కాకూడని పెళ్ళి. నిశ్చితార్థానికి నేను వెళ్ళేసరికి భోజనాలు కూడా అయిపోయాయి. బస్సు చెడిపోయిందని ఎంత మొత్తుకున్నా పెళ్ళికూతురి మేనమామ వినలేదు. తండ్రి లేని పిల్లను పెంచింది ఆయనే. ఫారెస్టు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి, మాటంటే మాటే. "ఇంకోపాలి లేటైతే మా గుంటని నీకివ్వను బాబూ. పెళ్ళికే బేగి రానోడు సంసారం ఏటి సేత్తాడు?" అనేశాడు. సీలేరు చర్చిలో పదకొండింటికి పెళ్ళి. మా వాళ్ళంతా తెల్లవారకముందే వ్యానులో వెళ్ళిపోయారు. కారులో నేను, అమ్మ, పెళ్ళి జరిపించాల్సిన మా పాస్టరుగారు.

స్టీరింగు వెనక తెర మీద రేంజ్ అని రెండు అంకెలు వెలుగుతున్నాయి. కరెంటు మీద ఎంత దూరం పోతుందో ఒకటి, మొత్తం ఎంత దూరం పోతుందో ఇంకొకటి. మొత్తమంటే అందులో కరెంటుదీ కలిసే ఉంటుందని ఇప్పుడైతే తెలుసు. అప్పుడు నేను రెంటినీ శుభ్రంగా కలిపేశాను. అలా వచ్చిన లెక్కతో సీలేరు దాటి డొంకరాయి డ్యాము కూడా చూసి రావచ్చు. పాడేరులో బంకు కనపడగానే అమ్మ "పోయించుకోరా" అంది. చింతపల్లిలోనూ అంది. రెండుచోట్లా నవ్వి ఊరుకున్నాను. ఘాట్ దిగేటప్పుడు కరెంటు అంకె కాస్త పెరిగింది. "చూశారా పాస్టరుగారూ, దిగుతుంటే దానంతటదే నిండుతుంది" అన్నాను. ఆయన కిటికీలోంచి ఎదుటి కొండ చూసి, "దిగితే నిండినాది ఎక్కితే కాలీ అవదేటి బాబూ?" అన్నారు. నేను పాట పెట్టాను.

గూడెం కొత్తవీధి దాటాక అడవి మొదలైంది, నా వణుకూ మొదలైంది. కిలోమీటరు ఎక్కేలోగా అంకె మూడు తగ్గుతోంది. ఏసీ కట్టేశాను. పాట కట్టేశాను. అమ్మ మాట్లాడుతుంటే, దానికీ పెట్రోలు ఖర్చవుతుందేమోనన్నట్టు "ఊరుకోవే" అన్నాను. కొత్త సూటు లోపల చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. అలా అలా వెళ్ళి ఒక మలుపులో కారు చప్పుడు లేకుండా ఆగిపోయింది.

ఫోనులో సిగ్నలు ఒక్క గీత కనపడగానే పెళ్ళికూతురి మావయ్యకి చేశాను. ఆ గీత ఎప్పుడు పోతుందో తెలియదు. "మావయ్యా, రేంజ్ అయిపోయింది!" అని మాత్రం అరిచాను. అటునుంచి గొంతులో సంతోషం. "రేంజి అయిపోనాదా? ఇంకేటి, ఒచ్చీసినట్టే! బేగి రండి!" అంతే, సిగ్నలు పోయింది. జీవితమంతా అటవీశాఖలో గడిపిన మనిషికి రేంజ్ అంటే రేంజరుగారి అడవి. ఆ రేంజ్ హద్దులో ఉన్న ఫారెస్టు గేటు దాటితే సీలేరు ఎంతో దూరం లేదు. అందుకని ఆయన పరుగున వెళ్ళి పెళ్ళికూతుర్ని చర్చి గుమ్మంలో నిలబెట్టి పాట మొదలుపెట్టించాడట. (పెళ్ళి పాటలన్నీ అయిపోయి క్రిస్మస్ పాటల్లోకి వచ్చేశారని తర్వాత తెలిసింది.)

ఇక్కడ మేం ముగ్గురం. పదకొండు దాటింది. ఎంతసేపు చూసినా సీలేరు వైపు వెళ్ళే బండి ఒక్కటీ రాలేదు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు, మధ్యలో ఒక కన్ను తెరిచి వాచీ చూస్తున్నారు. "నీకు కూడికలు నేర్పిన మేష్టారెవర్రా?" అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది. ఈపాటికి మావయ్య పిల్లను ఇంటికి తీసుకుపోయి ఉంటాడు. ఆమె ముసుగు తీసి మడత పెట్టేసి ఉంటుంది. నిజంగా, అంత భయం నేను మళ్ళీ పడలేదు.

అప్పుడు మలుపు తిరిగి ఒక జీపు వచ్చింది. డ్రైవరు పక్కన మావయ్య, వెనక ఫోటోగ్రాఫరు, అతని పక్కన తెల్లచీర, తెల్లముసుగు, ఒళ్ళో పూలగుత్తికి బదులు పెట్రోలు డబ్బాతో నా పెళ్ళికూతురు. గేటు నుంచి చర్చికి ఇంతసేపు పట్టదు, ఏదో అయ్యుంటుందని జీపు తీయించింది ఆమేనట. మావయ్య దిగి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "లేటైతే ఇవ్వనన్నానా నేదా?" అన్నాడు.

పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని జీపు దిగింది. "నానే ఒచ్చీసినాను కదా మావా, ఇంక నువ్విచ్చీదేటి?" అంది. అని నా వైపు తిరిగి, "సూత్తావేటి, మూత తియ్యి" అంది. తీశాను. అది చార్జింగ్ ప్లగ్గు మూత. "అది కాదు" అంది. మావయ్య ఆపుకోలేక నవ్వేశాడు. ఆ నవ్వు విని పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

ఆ ఫోటోగ్రాఫరు జీపులోంచే ఒక ఫోటో తీశాడు. మా ఆల్బంలో మొదటిది అదే. నేను ఫోను పైకెత్తి, జీపును ఇంకా గమనించక, ఆకాశంకేసి చూస్తున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటుంటాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏటి సేత్తన్నావు?" అంటుంది. ఏం లేదంటాను. ఆ చెమట సూటు కుర్రాడి భుజం తట్టి, ఏడవకురా బాబూ, ఆవిడ బయల్దేరింది, దారిలోనే ఉంది, అని చెప్పాలనిపిస్తుంది.