కోటయ్య బాబాయికి కట్టిన ఆంప్లిఫయర్

ఎండాకాలం మధ్యాహ్నం, నరసరావుపేటలో, కొత్తగా కట్టిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించాను. కాసేపటి క్రితం పొయ్యి మీంచి దించిన పాలగిన్నెలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగిలితే చాలు, కోటయ్య బాబాయ్ గుర్తొస్తాడు. ఆయన మాకు చుట్టం కాదు, నా యజమాని. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. తొమ్మిదో తరగతిలో నేనూ చదువూ పరస్పర అంగీకారంతో విడిపోయాక, నాకు టంకం వేయడం నేర్పింది ఆయనే.

ఏళ్ల తరబడి మైకు గొట్టాల పక్కన కూర్చుని ఆయన చెవులు మందగించాయి. వినికిడి ఇంకా తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. ఆయనకు ఒకటే గర్వం: కుర్రతనంలో మాచర్లలో నాటకం ఆడినప్పుడు తన పద్యానికి జనం వన్స్ మోర్ కొట్టారని. దాని క్యాసెట్ కూడా ఉంది. కానీ మా ఏ సెట్టులో వేసినా, పద్యం అయ్యాక గుయ్‌మనే మోత తప్ప ఏమీ వినపడదు. అది వన్స్ మోర్ కాదు బాబాయ్, తుమ్మెద అని ఏడిపించేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు. ఒకరోజు మాత్రం నవ్వలేదు. చెవులు పూర్తిగా పోయేలోపు ఆ కేక ఒక్కసారి వినాలని ఉందనీ, వినకపోతే తనకు తానే అబద్ధం చెప్పుకున్నానేమో అనిపిస్తుందనీ అన్నాడు. అలా హెడ్‌ఫోన్ల కోసమే ఒక ఆంప్లిఫయర్ కట్టాలనుకున్నాం.

ఫోన్లో డిజైన్లు వెతికాను. తిరునాళ్లలో ప్రభల దగ్గర ఎవడి సెట్టు ఎక్కువ మోగితే వాడే మొనగాడన్న లెక్కలో పెరిగినవాణ్ణి కదా, ట్రాన్సిస్టర్లు బారులు తీరిన పెద్ద సర్క్యూట్‌ ఎంచుకున్నాను. బాబాయ్ వేలు పెట్టింది అన్నింటికంటే బీద సర్క్యూట్ మీద. చెవికొక మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్, దాని వేడి లాగడానికో అల్యూమినియం దిమ్మ, అంతే. పాట లేకపోయినా దాంట్లో కరెంటు పారుతూనే ఉంటుంది. పని లేకుండా జీతం తీసుకునే బాపతని ఎగతాళి చేశాను.

"పిలిస్తే లేచొచ్చేవాడు వేరు, ముందే లేచి కూచున్నోడు వేరు రా," అన్నాడు. "చిన్న మాటకి మొదటోడు లేవడు."

నేను వినలేదు. నాదే కట్టాను. ఆయన తలకు తగిలించి వాల్యూమ్ తిప్పగానే ఉలిక్కిపడి లాగేశాడు. "అరుపు వినపడతంది. మాట వినపడట్లా." చెవి మందగించిన మనిషికి గట్టిగా వినిపిస్తే చాలనుకోవడం మైకు సెట్ల వాళ్లు మాత్రమే చేసే తప్పు.

తర్వాత ఆయనది కట్టాం. గుయ్‌మనే మోత దానిదేనంటూ ట్రాన్స్‌ఫార్మర్‌ని వేరే పెట్టెలో పెట్టించి దూరంగా బల్ల కిందికి నెట్టించాడు. క్యాసెట్ వేయకుండానే నన్ను వినమన్నాడు. ఏమీ వినపడలేదు. పాడైందన్నాను. కావలసింది అదేనన్నాడు. అప్పుడు క్యాసెట్ వేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పద్యం వెంట ఆయన పెదాలు కదలడమే నాకు కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగాయి. హెడ్‌ఫోన్లు తీసి నా తలకు తొడిగి, టేపు కాస్త వెనక్కి తిప్పాడు. రాగం సాగి సాగి ఆగింది. చప్పట్లు. వాటి వెనక ఎక్కడో చివర కూర్చున్న మనిషి, చుట్ట కాల్చి కాల్చి బొంగురుపోయిన గొంతుతో, వన్స్ మోర్ అన్నాడు. ఇంకో గొంతు అందుకుంది. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి కూడా.

"ఏంది, తుమ్మెదేనా?" అన్నాడు బాబాయ్.

హెడ్‌ఫోన్లు తీసి ఆయన మెడలో వేశాను. దుకాణం మెట్ల మీదికి వెళ్లి, రోడ్డంతా వినపడేలా నేనే వన్స్ మోర్ కొట్టాను. బాబాయ్ గొంతు సవరించుకుని, హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగానే ఆ పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. ఆటోలు ఆగాయి. పత్తి బేళ్ల లారీ డ్రైవరు హారన్ మానేసి విన్నాడు. శ్రుతి ఎటో పోయింది గానీ ఆయన రాగం వదల్లేదు, జనం చప్పట్లు ఆపలేదు.

బాబాయ్ పోయాడు. ఆ దుకాణం ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఎన్ని వాట్లు వస్తాయని అడుగుతూ కుర్రాళ్లు వస్తుంటారు. ఏ డిజైన్ కట్టాలో తేల్చేముందు, ఎవరి గొంతు వినాలని ఉందో అడుగుతాను.